ఒక విశేషణము, ఒక నవల

బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవలకు పెట్టిన పేరు 'ఆరణ్యక్'. అరణ్యానికి సంబంధించినది అని అర్థం. కలకత్తా 'ప్రవాసి' మాసపత్రికలో ధారావాహికగా వెలువడి 1939లో గ్రంథరూపం పొందిన ఈ నవలను గురించి చెప్పబోయిన ఆంగ్లపాఠకుని నాలుకపైకి సులువుగా వచ్చే మాట 'సిల్వన్'. ఆ మాట ఇక్కడ చాలదు. ఎందుకు చాలదో విచారిస్తే నవల స్వభావమే కొంత బోధపడుతుంది.

లాటిన్‌లో 'సిల్వా' అంటే అడవి. సిల్వానస్ రోమనుల వనదేవత. పదహారవ శతాబ్దిలో ఇంగ్లీషున ప్రవేశించినప్పుడు 'సిల్వన్' అడవిలో నివసించే దేవతకో మనిషికో పేరు. విశేషణమైనది ఆ తరువాతనే. అందులో 'ఐ' ఉండవలసిన చోట 'వై' చేరడం పండితుల చలవ: గ్రీకు 'హ్యూలే'తో లేని చుట్టరికం కలిపారు. క్రమంగా కవుల చేతిలో మాట మెత్తబడింది. నీడా, సెలయేరూ, పిల్లనగ్రోవీ నిలిచినవి. ముల్లూ ఆకలీ జారిపోయినవి. జారిపోయినవి అదే మూలం నుండి ఫ్రెంచి మీదుగా వచ్చిన 'సావేజ్' అన్న మాటలో చేరినవి. ఒకే అడవి చూడవచ్చినవానికి సొగసైన విశేషణం, అక్కడ బ్రతికేవానికి తిట్టు! తెలుగువారు నవ్వనక్కరలేదు. కార్తికంలో వనభోజనం వేడుక. 'ఆటవికం' మాత్రం అనాగరికం.

కథానాయకుడు సత్యచరణ్ కలకత్తాలో పని దొరకక బీహారు అటవీభూముల ఎస్టేటుకు మేనేజరుగా వెళ్తాడు. మొదట ఏకాంతం భరించలేడు. పిమ్మట ఆ వెన్నెలను విడువలేడు. ఇంతవరకు 'సిల్వన్' సరిపోతుంది. కాని అతని ఉద్యోగమే ఆ నేలను రైతులకు కౌలుకిచ్చి అడవి కొట్టించడం. యుగళప్రసాద్ ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి సరస్వతీ కుండం ఒడ్డున నాటుతాడు. చివరకు ఆ వనమూ దక్కదు. వృద్ధరాజు దోబ్రూ పన్నా పశువులు కాస్తూ కనిపిస్తాడు. అతని వంశపు కన్య భానుమతి భారతవర్షమన్న పేరే వినలేదు. ఇంతటి మాటను నవలాకారుడు ఏ వ్యాఖ్యానమూ లేక విడిచిపెట్టడం అతని గొప్పతనం.

పాణిని అరణ్యశబ్దానికి మనుష్యార్థంలోనే ప్రత్యయం చెప్పి 'ఆరణ్యక' సాధించాడు; అధ్యాయం, ఏనుగు మొదలైన అర్థాలు వార్తికం చేర్చినవి. అనగా సూత్రంలో ఆ మాట మొదట మనిషిది. 2002లో కలకత్తా నుండి వెలువడిన ఆంగ్లానువాదంలో రిమ్లీ భట్టాచార్య మూలనామాన్నే ఉంచి, 'అడవికి చెందినది' అన్న సాదా మాటలు జోడించింది. సిల్వన్ జోలికి పోలేదు. సూరంపూడి సీతారాం తెలుగు అనువాదానికి 'వనవాసి' అని పేరు పెట్టాడు. వేదవాఙ్మయపు గాంభీర్యం అందులో పోయిన మాట నిజమే. 'వన'మన్నది కొంత మెత్తనిది కూడా. అయినా మనిషి తిరిగి వచ్చాడు.

ఆ వనవాసి ఎవరన్నది తెలుగు పాఠకుడు తేల్చుకోవలసి ఉన్నది. సత్యచరణ్ మాత్రం కాడు. నవల ఆరంభంలోనే అతడు ఆఫీసు పని ముగించుకొని, కలకత్తా కోట చెంత మైదానంలో కూర్చుండి, ఏండ్లనాటి ఆ అడవిని తలచుకొంటూ ఉంటాడు.