‘మనము’ అన్న మాటకు హద్దు ఎక్కడ?

బర్మా స్వాతంత్ర్యోద్యమ గీతాలలో ‘దొబమా’ పాటకు పెద్దపీట ఉన్నది. 1930లో దానిని కట్టిన సయా టిన్‌దే బర్మా జాతీయ గీతం కూడా. దొబమా అంటే ‘మన బర్మా’. తెల్లవారికే చెల్లిన ‘తఖిన్’, అనగా ‘దొర’ అన్న మాటను ఆ యువకులు తమ పేర్ల ముందు తగిలించుకున్నారు. ఆ తెగువను మెచ్చుకోవలసిందే. కాని కూలివాళ్ళ మనుమలమైన మనం ఆ పాటను మరొక చెవితో కూడా వినాలి.

ఆ ఏడే రంగూన్ రేవులో మనవాళ్ళ నెత్తురు పారింది. మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. స్టీవడోర్లు వారి స్థానంలో బర్మా కూలీలను దింపి, రాజీ కుదరగానే పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాటలలో వందమందికి పైగా చనిపోయారు. కోరంగి రేవు పేరుతో ‘కొరింగీలు’ అనిపించుకున్న మనవారే ఎక్కువగా బలయ్యారు. ఇద్దరు పేదలకు తగవు పెట్టిన యజమాని ఆ కొట్లాటలో లేడు. దొబమా సంఘం ఆ వేడిలోనే పుట్టింది.

‘అది అల్లరిమూకల పని, ఉద్యమానికి అంటదు’ అనడం పరిపాటి. ఇది సగమే నిజం. కత్తి పట్టినవాడు అంచున ఉండవచ్చు. ‘మనము’లో ఎవరెవరున్నారో నాయకుడు చెప్పకపోతే, ఆ హద్దు గీసేది అంచునున్నవాడే. చెప్పినవారూ లేకపోలేదు. 1939లో బర్మా కమ్యూనిస్టు పార్టీని స్థాపించినవారిలో ‘తఖిన్ బా టిన్’ అనే హెచ్. ఎన్. గోషాల్ బెంగాలీ.

మనవారి సంగతీ చూద్దాం. 1952లో హైదరాబాదు విద్యార్థులు ఉద్యోగాలలో అన్యాయం జరిగిందని లేచారు. ఫిర్యాదు న్యాయమైనదే. కాని ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అన్న నినాదం కచేరీని వదిలి పొరుగువాడి కంచాన్ని వెక్కిరించింది.

2011 ఫిబ్రవరిలో ఒమాన్ యువకులు పని కోసం రోడ్డెక్కగా, సుల్తాన్ కాబూస్ 50,000 ఉద్యోగాలు ప్రకటించారు. ఆ కోరికా న్యాయమే. అయితే రైసూత్ రేవులో బరువెత్తే పరదేశి కూలివాడు దానికి అడ్డు కాడు. కూలి రేటు కట్టేది అతను కాదు.

2021 సైనిక కుట్ర తరువాత బర్మా ప్రజాస్వామ్యవాదుల సమాంతర ప్రభుత్వం, 1982 పౌరసత్వ చట్టాన్ని మారుస్తామని రోహింగ్యాలకు మాట ఇచ్చింది. తొంభై ఏళ్ళకు ‘దొబమా’ హద్దు కొంచెం జరిగింది. మన సంఘాల వేదికలమీద ‘మన జాతి’ అని పాడే పాటలను కూడా ఈ గీటురాయిమీదనే గీసి చూడాలి.