‘ఒళ్ళు బలిసింది’ ఎవరికి?

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కూలోళ్ళకి కొవ్వెక్కిందన్నారు ఆసాములు. కూలి పెంచమని అడగడమే ఆ కొవ్వు! ఇప్పుడదే మాట డాక్టరు భాషలో వస్తోంది: ఉచిత బియ్యం తిని పేదలు లావెక్కుతున్నారట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మందిది అధిక బరువు. 59 మందికి రక్తహీనత. దేశం మొత్తమ్మీద ఆస్తి పెరిగేకొద్దీ లావు పెరుగుతోందని చెప్పిందీ ఆ సర్వేనే. మరి నింద పేదల కంచం మీదెందుకు?

అసలు విమర్శ వేరే ఉంది. సంగం ఆనకట్ట కింద వరి పండుతుంది. ఉదయగిరి మెట్టలో ఒకప్పటి తిండి సజ్జ, జొన్న. కార్డు మీద రెండుచోట్లా ప్రధానంగా పాలిష్ బియ్యమే. పప్పు, గుడ్డు, మాంసం కూలి డబ్బుల్తో కొనుక్కోవాలి. కడుపు నిండుద్ది, రక్తం పట్టదు. బియ్యం ఆపమనడం దీనికి మందు కాదు. పప్పూ చిరుధాన్యమూ కలపాలి, వాటిని పండించుకునే భూమీ ఇవ్వాలి.