మెలకువ ఎవరి బాధ్యత? – అంతరిక్ష క్రీడా కథనంలో గని శ్రమ
ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003లో విడుదల చేసిన ‘ఈవ్ ఆన్‌లైన్’ అంతర్జాల క్రీడను కథనంగా చదివితే, అందులో గ్రహశకలాలను తవ్వే పాత్ర విమర్శకు అర్హమైనది. ఆ క్రీడాలోకంలో భద్రతకు అంకెల కొలత ఉంది. 0.5, ఆపై మండలాల్లో రక్షక దళం దాడిని ముందుగా ఆపదు. దాడి చేసినవాడిని శిక్షిస్తుంది. 0.0, అంతకు దిగువన ఆ శిక్ష కూడా లేదు. అక్కడ తవ్వేవాడు, ఆ మండలంలోకి ఎవరు వచ్చారో తెలిపే జాబితాను కనిపెట్టుకొని, నౌకను తప్పించుకొనే దిశకు తిప్పి ఉంచుకోవాలి. మెలకువే అక్కడి మెళకువ.

వికారాబాద్ జిల్లాలోని తాండూరు నాపరాతి గనుల వైపు నుంచి చూస్తే ఈ కథనం పరిమితి తేటపడుతుంది. క్రీడలో మరణించిన పాత్ర ప్రతిరూప దేహంతో లేస్తుంది, నష్టం సొత్తుకే. బండను పలకలుగా వెలికితీసే కార్మికుడికి రెండో దేహం లేదు. క్రీడలో నౌక తవ్వేవాడిదే కనుక రక్షణభారమూ అతనిదే. గనిలో యాజమాన్యం వేరు. అందుకే 1952 గనుల చట్టం యజమాని, ఏజెంటు, మేనేజర్లను బాధ్యులను చేసింది. గని ప్రమాదాన్ని కేవలం కార్మికుడి ఏమరుపాటుగా చిత్రించే రచన, క్రీడానియమాన్నే జీవితానికి అన్వయిస్తుంది. యజమానిని కథ నుంచి తప్పిస్తుంది. శ్రామిక సాహిత్య విమర్శ పట్టుకోవలసింది ఆ లోపాన్నే.