వీపున కొట్టుకునే గుండె

మా శాంతిపురం చుట్టుపక్కల పట్టుపురుగును ఎరగని పిల్లలు అరుదు. బడి నుంచి రాగానే మల్బరీ ఆకు మోసేవాళ్లు, పురుగులకు మేత పరిచేవాళ్లు. అందుకే మూడో తరగతికి గుండె గురించి చెప్పే రోజున నేను చార్టు విప్పను. నాలుగోసారి పొర విడిచి బాగా ఎదిగిన పురుగును పలక మీద పెట్టి, దాని వీపు చూడమంటాను. నడిమధ్యన తోక వైపు నుంచి తల వైపుకు ఏదో అలలా పాకుతూ ఉంటుంది.

“సార్, దీని గుండె వీపులో ఉండాదే!” అంది ఒక పాప. ఆ మాట పూర్తయ్యేలోపే ఆమె చెయ్యి తన గుండె మీదికి వెళ్లింది. ఆ చెయ్యి అక్కడికి వెళ్లడమే నాకు కావలసిన పాఠం.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. చాలా ఏళ్లు 206 ఎముకలని చెప్పించాను. అందరూ ముక్తకంఠంతో అప్పజెప్పేవాళ్లు. ముంజేతి ఎముక చూపించమంటే మాత్రం చార్టు దగ్గరికి పరిగెత్తేవాళ్లు. తమ చేతిని ముట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఇప్పుడు ముందు ముట్టుకోవడం, తర్వాతే పేరు. అగ్గిపుల్లకు చిన్న మట్టిముద్ద అంటించి మణికట్టు మీద నాడి దగ్గర నిలబెడితే, పుల్ల తలాడిస్తుంది. నిమిషంలో ఎన్నిసార్లో లెక్కపెట్టి పలక మీద రాస్తారు. వేపచెట్టు చుట్టూ పరిగెత్తి వచ్చి మళ్లీ లెక్కపెడతారు. అంకె ఎందుకు పెరిగిందో అప్పుడు వాళ్లే అడుగుతారు.

పేర్ల సంగతికొస్తే, మన తెలుగు సగం పని ముందే చేసిపెట్టింది. వెన్నుపూస అన్నాం, అది పూసే. పురుగు పొడిచి అమ్ముడుపోని పట్టుగూళ్లను దారానికి గుచ్చి, మధ్య మధ్య సైకిల్ ట్యూబు ముక్కలు పెడతాం. ఆ దండను వంచుతూ పిల్లలు తమ వీపు తడుముకుంటారు. మోకాలిచిప్పలో చిప్ప ఉంది, ఊపిరితిత్తిలో కొలిమి తిత్తి ఉంది. వెన్నుపూసలను కశేరుకాలు అంటారని పై తరగతిలో నేర్చుకుంటారు, తొందరేం లేదు.

పట్టుపురుగును చూసి శరీరాన్ని అర్థం చేసుకోవడం కొత్తేమీ కాదు. ఇటలీ వైద్యుడు మాల్పిఘీ 1661లో కప్ప ఊపిరితిత్తుల్లో సన్నని రక్తకేశనాళికలను చూశాడు. ధమనుల్లోని రక్తం సిరల్లోకి ఎలా చేరుతుందన్న చిక్కు దాంతో విడిపోయింది. ఆయనే 1669లో పట్టుపురుగు శరీర నిర్మాణం మీద పుస్తకం అచ్చువేయించాడు. పురుగు పక్కల్లో వరుసగా కనిపించే చుక్కలు గాలి పీల్చే రంధ్రాలు. దానికి ఊపిరితిత్తులు లేవు.

వస్తువు చేతికిచ్చి నేర్పేది నేనొక్కణ్నే కాదు. కుప్పం దగ్గర గుడివంకలో 172 ఎకరాల్లో అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం ఉంది. రామ్‌జీ రాఘవన్ 1999లో మొదలుపెట్టిన ఆ సంస్థ సైన్సు పరికరాలను వ్యాన్లకెక్కించి పల్లె బడులకు తీసుకెళ్తుంది. పిల్లల చేతికి వస్తువు ఇవ్వాలన్న పట్టుదల మీద నాకు చాలా గౌరవం. అయితే వ్యాను వచ్చే రోజు కోసం ఎదురుచూడకూడదు. అగ్గిపుల్ల, మట్టి, గూడు రోజూ ఉంటాయి.

శుభ్రత గురించి నేను వేరే పాఠం చెప్పను. చేతులు కడుక్కోకుండా పురుగుల గదిలోకి అమ్మ రానివ్వదని పిల్లలకు తెలుసు. పురుగుకు జబ్బు చేస్తే ఆ పంట పోతుంది. “మరి అన్నం తినే ముందో?” అంటే చాలు.

పోయిన నెల, తల్లిదండ్రులతో ముందే మాట్లాడి, మాంసం కొట్టు నుంచి మేక ఊపిరితిత్తులు తెచ్చాను. గొట్టానికి సైకిల్ పంపు తగిలించి కొట్టాను. నలిగిన గుడ్డలా ఉన్నది మెల్లగా గులాబీ రంగుకు తిరిగి ఉబ్బింది. పిల్లలంతా ఒక అడుగు వెనక్కి వేశారు. తర్వాత మూడడుగులు ముందుకు వచ్చారు.