మాల తీశాక వచ్చే సాయంత్రం

కార్తీకం వచ్చిందంటే మా డీ-అడిక్షన్ ఓపీ పలచబడుతుంది. నిన్నటిదాకా క్వార్టర్ పడందే నిద్ర పట్టదన్న మనిషి నల్లబట్టలు కట్టి, మెడలో మాల వేసుకుని, నలభై ఒక్క రోజులు మందు జోలికి పోడు. సంక్రాంతి దాటగానే మా బెంచీలు మళ్లీ నిండుతాయి. "మాల తీసిన రాత్రే మొదలెట్టాడు మేడం" అనే మాట ఏటా ఎవరో ఒక భార్య నోట వింటూనే ఉంటాను.

దేవుడంటే భయం కాబట్టి ఆగాడంటారు. భక్తిని నేను తక్కువ చేయను. కానీ కౌన్సెలర్‌ని కదా, నా చూపు ఆ మనిషి దినచర్య మీదికి పోతుంది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. సాయంత్రం మళ్లీ స్నానం, పూజ, శరణుఘోష. ఇవాళ ఒకరింట్లో పడిపూజ, రేపు ఇంకొకరింట్లో భజన, పక్కన తనలాంటివాళ్లే పదిమంది. రోజూ సిట్టింగ్‌కి పిలిచే స్నేహితుడే "వద్దు స్వామీ, మీరు మాలలో ఉన్నారు" అని తప్పుకుంటాడు. ఏడు గంటల వేళ ఆ మనిషికి తీరిక ఉండదు, ఒంటరితనం ఉండదు, రమ్మని లాగేవాడు ఉండడు. మాల తీశాక ఇవన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. సాయంత్రం మాత్రం వస్తుంది. నిగ్రహం లేక పడిపోయాడని ఊరు అంటుంది. ఆ సాయంత్రానికి ఎవరూ ఏ ఏర్పాటూ చేయలేదని నేనంటాను.

ఒక్క జాగ్రత్త ముందే చెప్పాలి. పొద్దున లేవగానే చేతులు వణికేవాళ్లు, ఆ వణుకు ఆగడానికి మళ్లీ తాగేవాళ్లు, మాల కోసమైనా సరే సొంతంగా ఒక్కసారే మానేయకూడదు. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడి కేకలు పెట్టొచ్చు, ప్రాణమే పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎలా వచ్చిపడ్డారో తెలంగాణ చూసింది. ముందు డాక్టరు చేతిలో ఆ గండం దాటాలి. తాగాలనే యావ సంగతి ఆ తర్వాత.

ఒంట్లో వణుకు తగ్గాక కూడా యావ నెలల తరబడి వస్తూనే ఉంటుంది. అదే వేళ, అదే దారి, జేబులో డబ్బు, వేయించిన పల్లీల వాసన, ఏదో ఒకటి చాలు. ఏళ్ల తరబడి మెదడు నేర్చుకున్న లంకె అది, మనిషి గుణానికి దానితో సంబంధం లేదు. తాగేదాకా ఇది పెరుగుతూనే ఉంటుందని ఆ నిమిషంలో అనిపిస్తుంది. నిజానికి పెరుగుతుంది, కాసేపు నిలుస్తుంది, తగ్గిపోతుంది. చాలాసార్లు అరగంట లోపే. అమెరికన్ మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ దీన్ని అలతో పోల్చాడు. దానితో కలబడకుండా, అది విరిగేదాకా దాని మీద తేలుతూ ఉండమన్నాడు. యావ ఒంట్లో ఎక్కడుందో చూడమని మేమూ చెబుతాం. గొంతులోనా, దవడల్లోనా, పొట్టలోనా? మెల్లగా ఊపిరి వదులుతూ దాన్నే గమనించమంటాం.

అందరికీ ఇలా కూర్చోవడం కుదరదు. నా దగ్గరికి వచ్చే తాపీమేస్త్రి ఒకాయనకు కళ్లు మూసుకోమంటే గుబులు ఇంకా పెరిగేది. ఆయన చేతులకు పని ఉండాలి. ఆరున్నరకు ఇంటికి రాగానే ముందు అన్నం తింటాడు. ఖాళీ కడుపుతో ఉంటే యావ రెట్టింపవుతుందని ఆయనకు ఆయనే కనిపెట్టాడు. తర్వాత అరుగు మీద పనిముట్లు పరుచుకుంటాడు. తాపీ అంచున ఎండిన సిమెంటును ఇటుకముక్కతో గీకుతాడు. రసమట్టం గాజును గుడ్డతో తుడుస్తాడు. తూకంగుండు దారం మొత్తం విప్పి, చిక్కు తీసి, మళ్లీ చుడతాడు. చుట్టడం అయ్యేసరికి దవడ బిగింపు వదులుతుందట. శనివారం కూలి డబ్బు ఇప్పుడు నేరుగా భార్య ఫోన్‌పేకి వెళ్తుంది. వైన్ షాపు ఉన్న రోడ్డు మానేసి, దూరమైనా చెరువుకట్ట మీదుగా వస్తాడు. మాల లేకుండానే మాల రోజుల సాయంత్రాన్ని ఆయన ముక్క ముక్కగా కట్టుకున్నాడు.

ఇంట్లోవాళ్లతో ఒక మాట. గుమ్మంలోనే నోటి వాసన చూడటం, పిల్లల మీద ఒట్టు వేయించడం, నలుగురిలో పాతవి తవ్వడం యావను పెంచుతాయే గానీ తగ్గించవు. అంతకన్నా ప్రమాదం, చెప్పకుండా పెరుగన్నంలో మందు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర కలపడం. డైసల్ఫిరామ్ ఒంట్లో ఉన్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బుంటే ప్రాణం మీదికి వస్తుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు కనుసన్నల్లో వేసుకుంటే పనికొచ్చే మాత్రే అది. విసిగి వేసారిన ఆడవాళ్ల బాధ రోజూ వింటున్నదాన్నే. అయినా చేతులు పట్టుకుని అడుగుతున్నాను, ఆ పని చేయకండి. యావను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఏది సరిపోతుందో సైకియాట్రిస్టు రాస్తారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

మేస్త్రి మొన్న మేనల్లుడి పెళ్లిలో తాగాడు. మర్నాడు ఫోన్ చేసి "అంతా పోయింది కదా మేడం, ఇక ఆగి ఏం లాభం" అన్నాడు. మొదటి గ్లాసు కన్నా నాకు ఈ మాటంటేనే ఎక్కువ భయం. పదో గ్లాసు దాకా లాక్కెళ్లేది ఇదే. వెంటనే రమ్మన్నాను. కాగితం ముందు పెట్టుకుని పెళ్లిరోజు పొద్దుటి నుంచి జరిగిందంతా ఇద్దరం రాశాం. పొద్దుటి నుంచి తిండి లేదు. కట్నాల దగ్గర బావతో మాటామాటా వచ్చింది. చీకటి పడ్డాక ఎవరిదో కారులో సిట్టింగ్‌కి పిలుపొచ్చింది. భార్య వంటల దగ్గరుంది. మాఘంలో మరదలి పెళ్లి ఉంది. కాగితం తిప్పి దానికీ ఏర్పాట్లు ఆయనే రాసుకున్నాడు. పన్నెండింటికల్లా భోజనం, పక్కన మందు ముట్టని తోడల్లుడు, తలంబ్రాలు కాగానే ఇంటికి బస్సు.