‘ఫామా ఫ్రాటర్నిటాటిస్’: ఒక విమర్శ

1614లో జర్మనీలోని కాసెల్ నగరంలో ‘ఫామా ఫ్రాటర్నిటాటిస్’ అనే చిన్న పుస్తకం అచ్చయింది. రచయిత పేరు లేదు. అరబ్బు దేశాలు తిరిగి గూఢజ్ఞానం ఆర్జించిన ఒక జర్మన్ సాధకుడు స్థాపించాడంటూ ఒక రహస్య సోదర సంఘం కథను ఇది చెబుతుంది. ఈ సంఘమే రోసిక్రూషియన్ సంఘంగా పేరు పొందింది.

ఈ రచనకు బలం అందులోని ఆక్షేపణ. పండితులు తమకు తెలిసినది ఇతరులతో పంచుకోవడం లేదని, అరిస్టాటిల్, గాలెన్‌ల మాటలనే పట్టుకొని ఉన్నారని అది విమర్శిస్తుంది. రోగులకు ఉచితంగా వైద్యం చేయడం సభ్యుల మొదటి నియమం. ఇవి మెచ్చదగినవే.

అయితే ఇక్కడ మీరు ఒక వైరుధ్యాన్ని గమనించాలి. జ్ఞానాన్ని దాచుకోవడం తప్పన్న ఈ రచనలోనే సంఘం నూరేళ్లపాటు రహస్యంగా ఉండాలనే నియమం కనిపిస్తుంది. ఐరోపా పండితులను స్పందించమని ఆహ్వానించింది కాని, సభ్యుల పేర్లు చెప్పలేదు. చాలామంది తమ సమాధానాలను అచ్చువేయించారు. అయినా అలాంటి సంఘం అప్పటికి నిజంగా ఉన్నదనడానికి నమ్మదగిన ఆధారం లభించలేదు.

జవాబు రానప్పుడు నమ్మినవారు సంఘాన్ని శంకించనక్కరలేదు. తామే అర్హులం కామని సరిపెట్టుకోవచ్చు. ఈ విధంగా మౌనం కూడా సంఘం గొప్పతనానికి రుజువుగా మారింది.

వైద్యం ఫలించిందో లేదో రోగిని చూసి చెప్పవచ్చు. కొందరికి మాత్రమే కనిపించే వెలుగును బయటివారు పరీక్షించలేరు. అందువల్ల ‘ఫామా’ను సంస్కరణ కోరిన రచనగా గౌరవించవచ్చు. విశేష జ్ఞానానికి సాక్ష్యంగా మాత్రం స్వీకరించలేం.