ముప్పు రేటులో లేదు, గంటల్లో ఉంది

జర్మనీలో కనీస వేతన చట్టం 2015లో అమల్లోకి వచ్చినప్పుడు గంటకు 8.50 యూరోలు, 2026 జనవరి నుంచి 13.90. రేటు పెరిగినప్పుడల్లా చిన్న వ్యాపారులు గగ్గోలు పెడతారు గానీ, వాళ్లను ముంచేది రేటు కాదు, లెక్కలోకి రాని గంటలు. అక్కడి మన విద్యార్థులకూ తెలిసిన ‘మినీజాబ్’ అనే పరిమిత వేతన ఉద్యోగాన్నే తీసుకోండి. నెల జీతం 603 యూరోలు దాటకూడదు. అంటే 43 గంటల పని. హోటల్ తెరవకముందు ఉల్లిపాయలు తరగడం, మూశాక గిన్నెలు తోమడం కలిసి ప్రతి నెలా 60 గంటలైతే, గంటకు గిట్టేది 10.05 యూరోలే. చట్టప్రకారం ఇవ్వాల్సింది 834. దాంతో మినీజాబ్ హోదా పోతుంది; సామాజిక బీమా చందాను చేతికిచ్చిన 603 మీద కాక, ఇవ్వాల్సిన 834 మీద కడతారు. ఉద్యోగి వాటాను తర్వాతి మూడు జీతాల్లో పట్టుకోకపోతే, సాధారణంగా అదీ యజమాని నెత్తినే పడుతుంది.

ఈ గంటల లెక్కల తనిఖీకి వచ్చేది కస్టమ్స్ శాఖ. హోటళ్లు, నిర్మాణం, రవాణా వంటి రంగాల్లో పని మొదలైన వేళ, ముగిసిన వేళ, మొత్తం గంటలు ఏడు రోజుల్లోగా రాసి, రెండేళ్లు దాచాలి. రాయకపోతే 30 వేల యూరోల దాకా, వేతనం తగ్గిస్తే 5 లక్షల దాకా జరిమానా. చిన్న కొట్టుకు ఇంత రాతకోతలా అంటారు. మామూలు నోటు పుస్తకం చాలు. అది లేని యజమాని నిజాయితీపరుడైనా తన మాట నిరూపించుకోలేడు. పనివాడే ఒప్పుకున్నాడుగా అనడమూ చెల్లదు. కనీస వేతనాన్ని తగ్గించే ఒప్పందం చట్టం ముందు నిలవదు. ఓ బల్గేరియా మహిళ బెర్లిన్‌లో ఒక వృద్ధురాలికి సేవ చేసింది. ఒప్పందంలో వారానికి 30 గంటలే అయినా, పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉన్న సమయానికీ కనీస వేతనం చెల్లించాల్సిందేనని ఫెడరల్ లేబర్ కోర్టు 2021 జూన్‌లో తేల్చింది.

పనిని బయటికిచ్చినా ఈ బాధ్యత వదలదు. సబ్ కాంట్రాక్టరు చేసిన తప్పుకు నేనెందుకు కట్టాలన్న అభ్యంతరంలో కొంత న్యాయం లేకపోలేదు. అయినా తాను ఒప్పుకున్న పనిని మరొకరికి అప్పగించిన సంస్థ, తన తప్పు లేకున్నా, ఆ కూలీల కనీస వేతనానికి జామీనుదారే. ఎదుటివాడి ఖాతా పుస్తకాలన్నీ తిరగేయడం కుదరదు నిజమే. అతను కోట్ చేసిన ధరను ఆ పనికి పట్టే గంటలతో భాగించి చూడటం మాత్రం ఎవరికైనా కుదురుతుంది. వచ్చిన అంకె 13.90కీ, దానిపై చందాలకూ చాలకపోతే సంతకం చేయకండి. ఆ చవక ఎవరి కూలిలోంచి వచ్చిందో తేలిన రోజున, బాకీ మీ పేరిటే ఉంటుంది.